విద్యార్థి గుర్తింపు కార్డుకు క్యూఆర్ కోడ్: ప్రాజెక్టు డైరీ

సోమవారం, సమావేశం అయ్యాక

కొత్త విద్యా సంవత్సరానికి గుర్తింపు కార్డులు మళ్లీ ముద్రించాలి. ఈసారి ప్రతి కార్డు మీదా క్యూఆర్ కోడ్ ఉండాలన్న నిర్ణయం ముందే జరిగిపోయింది. అందులో ఏమి ఉండాలన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు కాబట్టి ఆ పని నా బల్ల మీదికి వచ్చి పడింది.

తలా ఒక కోరిక కోరారు. పుస్తకం ఇచ్చిన ప్రతిసారీ పేరు టైపు చేసే బాధ తప్పాలని లైబ్రేరియన్ మేడమ్ అన్నారు. గేటు దగ్గర మనవాళ్లెవరో, బయటివాళ్లెవరో తేలిపోవాలి. పరీక్షల విభాగానికి హాజరు పట్టీ కావాలి. వార్డెన్ గారి జాబితా అన్నిటికన్నా పొడవు: పేరు, శాఖ, రక్తం గ్రూపు, తల్లిదండ్రుల ఫోను నంబరు, ఇంటి చిరునామా, అన్నీ ఆ గళ్లలోనే ఉండాలట. "ఎంత రాసినా పడుతుందంటారు కదండీ" అన్నారు.

పడుతుంది. క్యూఆర్ కోడ్‌లో 40 వెర్షన్లు ఉన్నాయి. మొదటిది 21×21 గళ్లు, ఆ పైన ఒక్కో వెర్షన్‌కు పక్కకు నాలుగు గళ్లు, కిందికి నాలుగు గళ్లు పెరుగుతూ 40వది 177×177 అవుతుంది. దోష సవరణను (కోడ్ కొంత చెడిపోయినా చదవగలిగేలా చేసే ఏర్పాటును) కనిష్ఠ స్థాయిలో ఉంచితే అందులో 7,089 అంకెలు లేదా 2,953 బైట్లు పడతాయి. అయితే మన కార్డు బ్యాంకు కార్డు కొలతదే, 85.60 × 53.98 మిల్లీమీటర్లు. కార్డు ఎత్తు మొత్తం 40వ వెర్షన్‌కే ఇచ్చేసినా, చుట్టూ వదలాల్సిన తెల్ల అంచు పోగా ఒక్కో గడికి 0.3 మిల్లీమీటరు కూడా రాదు. ఇక ఫోటోకు చోటెక్కడ?

కాబట్టి పట్టడం, పట్టకపోవడం అన్న లెక్క వదిలేసి, ఏది పెట్టడం అవసరం అన్న దగ్గర మొదలుపెడుతున్నాను.

మంగళవారం

పని మొదలుపెట్టే ముందు ఈ కోడ్ ఎందుకు పుట్టిందో ఒకసారి చూసుకోవడం మంచిది. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీలో మసహిరో హారా బృందం దీన్ని తయారు చేసింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. మామూలు బార్‌కోడ్‌లో పట్టే అక్షరాలు చాలక, ఒక్కో పెట్టె మీద వరుసగా చాలా బార్‌కోడ్‌లు చదవాల్సి వచ్చేది. మూడు మూలల్లో కనిపించే చతురస్రాలు స్కానర్‌కు ఆనవాళ్లు. ఒక్కోదాని నడిమధ్య మీదుగా ఎటు నుంచి గీత గీసినా నలుపు తెలుపులు 1:1:3:1:1 నిష్పత్తిలో వస్తాయి. ముద్రిత కాగితాల మీద అతి అరుదుగా కనిపించే నిష్పత్తి ఏదని వెతికి మరీ దాన్ని ఎంచుకున్నారు. పేటెంటు తమదే అయినా ఆ హక్కును వాడబోమని కంపెనీ ప్రకటించింది. 2000లో దీనికి ఐఎస్ఓ/ఐఈసీ 18004 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఈ రెండూ లేకపోతే ఈ రోజు ప్రతి ఫోనులో దీన్ని చదివే కెమెరా ఉండేది కాదేమో.

ఫ్యాక్టరీలో పుట్టింది కాబట్టి నూనె మరకకు, గీతకు, మురికికి తట్టుకునే శక్తి దానికి బాగా ఇచ్చారు. దొంగ చేతిలో పడితే ఏమిటన్నది వాళ్ల సమస్యే కాదు. యంత్రం విడిభాగం తన కోడ్‌ను ఇంకో విడిభాగానికి అప్పు ఇవ్వదు. విద్యార్థి ఇస్తాడు.

బుధవారం – అన్నీ పెట్టి చూస్తే

వార్డెన్ గారి జాబితా ప్రకారం ఒక నమూనా కార్డు చేశాను. వివరాలన్నీ ఊహించి రాసినవే. తెలుగులో రాయడంతో ఒక చిక్కు వెంటనే తెలిసింది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు – ప్రతిదానికీ విడివిడిగా మూడేసి బైట్లు. "విద్యార్థి" అన్న మాట కంటికి మూడు అక్షరాలు. లోపల అది పది సంకేతాలు, అంటే 30 బైట్లు. పేరు, శాఖ, ఫోను, చిరునామా కలిసేసరికి 200 బైట్లు దాటింది. మధ్యస్థ దోష సవరణతో అది 10వ వెర్షన్ వరకు వెళ్లింది, అంటే 57×57 గళ్లు. కార్డు మూలలో రెండు సెంటీమీటర్ల చోటులో ముద్రిస్తే దూరం నుంచి అది బూడిద రంగు మచ్చలా ఉంది.

అసలు అభ్యంతరం అది కాదు. నమూనా కార్డును మెడ తాడుకు తగిలించి వార్డెన్ గారి గదికి వెళ్లాను. నా ఫోనులో మామూలు కెమెరా తెరిచి, బల్లకు ఇవతలి నుంచే కార్డు వైపు తిప్పాను. పేరు, ఫోను నంబరు, చిరునామా తెర మీద వరుసగా వచ్చాయి. ప్రత్యేకమైన యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఇదే కార్డును అమ్మాయిలు మెడలో వేసుకుని బస్సు ఎక్కుతారు, వేసుకుని ఫోటోలు దిగి అందరికీ పంపుతారు. ఆ మాట నేను అనక్కర్లేకపోయింది.

"అయితే రహస్య లిపిలో పెడదాం" అన్నారు ఆయన. పెట్టవచ్చు. కానీ చదవాల్సిన ప్రతి పరికరంలోనూ తాళంచెవి ఉండాలి. గేటు దగ్గరి ఫోను ఒకటి పోయిందంటే కార్డులన్నీ తెరిచినట్టే. పైగా కార్డు మీద ముద్రించిన సమాచారం ముద్రించిన రోజున ఆగిపోతుంది. తండ్రి ఫోను నంబరు మారితే కార్డుకు తెలియదు. అవసరం వచ్చిన నాడు పాత నంబరుకు ఫోను చేస్తూ కూర్చుంటాం.

రక్తం గ్రూపు సంగతి వేరే. అది కావాలంటే కార్డు వెనుక పెద్ద అక్షరాల్లో అచ్చు వేద్దామన్నాను. ప్రమాదంలో ఉన్న మనిషి దగ్గర స్కానర్ కోసం వెతికేవాళ్లు ఉండరు. దీనికి మాత్రం ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

గురువారం – ఒక్క నంబరు, అదీ కార్డుది

కోడ్‌లో ఒక నంబరు మాత్రమే ఉంటుంది. మిగతాదంతా మన సర్వర్‌లో.

ఏ నంబరు? అందరి నోటా వచ్చిన సమాధానం రోల్ నంబరు. దాంతో రెండు ఇబ్బందులు. మొదటిది, అవి వరుసగా ఉంటాయి. నా నంబరు తెలిస్తే పక్కవాడిదీ తెలిసినట్టే, ఆ కోడ్ ఎవరైనా తమ ఫోనులో క్షణంలో తయారు చేసుకోవచ్చు. రెండోది ఇంకా పెద్దది: కార్డు పోతే ఏమి చేస్తాం? రోల్ నంబరు మారదు. కొత్త కార్డు మీదా అదే కోడ్, దొరికినవాడి చేతిలోనూ అదే కోడ్. రద్దు చేయడానికి మార్గమే ఉండదు.

అందుకని నంబరు విద్యార్థిది కాకుండా కార్డుది కావాలి. కార్డు ముద్రణకు వెళ్లేటప్పుడు యాదృచ్ఛికంగా ఒక సంఖ్య పుడుతుంది. పట్టికలో ఆ సంఖ్య ఎదురుగా విద్యార్థి, ఇచ్చిన తేదీ, స్థితి. కార్డు పోయిందంటే స్థితి గడిలో "రద్దు" అని రాసి, కొత్త సంఖ్యతో కొత్త కార్డు ఇస్తాం.

సంఖ్యను 32 గుర్తుల లిపిలో రాస్తున్నాను: పది అంకెలు, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఐ, ఎల్, ఓ, యు తీసేయగా మిగిలిన 22. ఒకటికీ ఐకీ ఎల్‌కీ, సున్నాకూ ఓకూ తేడా తెలియక తికమక పడే అవస్థ దీంతో పోతుంది. ఒక్కో గుర్తుకు 5 బిట్లు కాబట్టి 12 గుర్తులకు 60 బిట్లు. ఊహించి పట్టుకోవడం అయ్యే పని కాదు. పదమూడో గుర్తు తనిఖీ కోసం. బ్యాంకు కార్డు నంబర్లలో తప్పులు పట్టే లూన్ పద్ధతినే 32 గుర్తులకు సరిపడేలా మార్చి వాడుతున్నాను. ఒక గుర్తు తప్పు కొడితే తప్పకుండా పట్టుకుంటుంది, పక్కపక్క గుర్తులు తారుమారైతే దాదాపు ఎప్పుడూ పట్టుకుంటుంది. స్కానర్‌కు ఈ తనిఖీ అవసరం లేదు, కోడ్‌లోనే దోష సవరణ ఉంది. ఇది మనుషుల కోసం. కోడ్ కిందే ఈ పదమూడూ నాలుగు, నాలుగు, ఐదుగా విడగొట్టి అచ్చు వేస్తాం. గీతలు పడి కోడ్ చదవలేని కార్డును చేత్తో టైపు చేసుకోవచ్చు.

డిజిటల్ సంతకం పెడితే గేటు దగ్గర ఇంటర్నెట్ లేకపోయినా నిజమైన కార్డో కాదో తేలుతుంది కదా అని జూనియర్ సహోద్యోగి అడిగాడు. మంచి ప్రశ్న. ఈడీ25519 అనే రకం డిజిటల్ సంతకం 64 బైట్లు, సంఖ్యకు 16 బైట్లు కేటాయించి దానికి కలిపి, బైట్లను 45 గుర్తుల్లో రాసే బేస్45 పద్ధతిలో రాస్తే 120 గుర్తులు. మధ్యస్థ దోష సవరణతో 5వ వెర్షన్‌లో 122 పడతాయి, చోటు సరిపోతుంది. కానీ సంతకం చెప్పేది "ఈ సంఖ్య మేమే ఇచ్చాం" అని మాత్రమే. నిన్న రద్దయిన కార్డుకు కూడా ఆ సంతకం చెల్లుతుంది, దాని నకలుకూ చెల్లుతుంది. రద్దయినవాటి జాబితా ఎలాగూ గేటు పరికరంలో ఉంచాల్సిందే. అలాంటప్పుడు మొత్తం కార్డుల జాబితానే ప్రతి రాత్రీ అక్కడికి పంపేస్తే సరిపోతుంది. ఐదు వేల మంది ఉన్నా, ఒక్కొక్కరికి పది కిలోబైట్ల చిన్న ఫోటో కలిపినా 50 మెగాబైట్లు. ఏ ఫోనైనా మోస్తుంది.

శుక్రవారం – పెద్ద అక్షరాల లాభం

వట్టి సంఖ్య పెట్టాలా, వెబ్ లింకు రూపంలో పెట్టాలా? లింకు పెడితే ఒక ఉపయోగం ఉంది. దారిలో కార్డు దొరికినవాళ్లు ఫోనుతో చూస్తే "ఈ కార్డు ఫలానా కాలేజీది, దయచేసి కార్యాలయానికి చేర్చండి" అన్న పేజీ తెరుచుకుంటుంది. అంతే, పేరు కూడా కనిపించదు. లాగిన్ అయిన సిబ్బందికి మాత్రం అదే లింకులో ఫోటో, పేరు, స్థితి కనిపిస్తాయి.

లింకు పొడవు పెరుగుతుందని భయపడ్డాను కానీ దానికి ఒక ఉపాయం ఉంది. క్యూఆర్‌లో 45 గుర్తులకు ప్రత్యేకమైన పొదుపు పద్ధతి ఒకటి ఉంది: అంకెలు, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, ఖాళీ, ఇంకా కోలన్, స్లాష్, చుక్క లాంటి కొన్ని. రెండు గుర్తులు కలిపి 11 బిట్లలో ఇమిడిపోతాయి. చిన్న అక్షరాలకు ఈ సౌకర్యం లేదు, ఒక్కోదానికి 8 బిట్లు. వెబ్ చిరునామాలో మొదటి భాగమూ (హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు), డొమైన్ పేరూ పెద్ద అక్షరాల్లో రాసినా ఒకటే. ఆ తర్వాతి భాగంలో తేడా ఉంటుంది, కానీ అక్కడ ఉన్నది మన సంఖ్యే, అదెలాగూ పెద్ద అక్షరాల్లోనే ఉంది. లెక్క చూస్తే: మొదటి భాగం 8, డొమైన్ 14, స్లాష్ 1, సంఖ్య 13, మొత్తం 36. మధ్యస్థ స్థాయిలో 2వ వెర్షన్‌కు 38 పడతాయి. అదే లింకు చిన్న అక్షరాల్లో రాసి ఉంటే 26 బైట్ల దగ్గరే 2వ వెర్షన్ నిండిపోయి 3వదానికి వెళ్లాల్సి వచ్చేది. ప్రశ్న గుర్తు, సమాన గుర్తు ఆ 45లో లేవు కాబట్టి లింకులో వాటిని వాడకూడదు. వాడకపోతే చూడటానికీ బాగుంటుంది.

డొమైన్ మాత్రం కాలేజీ సొంతదే కావాలని పట్టుబట్టాను. కోడ్‌లు ఉచితంగా తయారు చేసి ఇచ్చే వెబ్‌సైట్లలో కొన్ని, మన లింకుకు బదులు తమ సర్వర్ లింకు పెట్టి అక్కడి నుంచి మళ్లిస్తాయి. చందా ఆగితే కోడ్ ఆగుతుంది. కార్డు ప్లాస్టిక్ మీద ఉంటుంది, ముద్రించాక మార్చలేం. సొంత డొమైన్ అయినా గడువు దాటనిస్తే ఎవరైనా కొనుక్కుని మన కార్డులన్నిటినీ తమ పేజీకి తిప్పుకోవచ్చు. గడువు తేదీని అకౌంట్స్ విభాగం క్యాలెండర్‌లో కూడా రాయించాను, నా ఒక్కడి జ్ఞాపకం మీద ఆధారపడకుండా.

శనివారం

దోష సవరణకు నాలుగు స్థాయిలు: ఎల్, ఎమ్, క్యూ, హెచ్. దాదాపు 7, 15, 25, 30 శాతం దెబ్బతిన్నా చదవగలిగేలా. ఎక్కువ స్థాయి ఎంచుకుంటే గళ్లు పెరుగుతాయి, అదే చోటులో ఒక్కో గడి చిన్నదవుతుంది. మన 36 గుర్తులు ఎమ్ స్థాయిలో 2వ వెర్షన్‌లో, క్యూ స్థాయిలో 3వ వెర్షన్‌లో పడతాయి. హెచ్‌కు 3వ వెర్షన్‌లో 35 మాత్రమే, ఒక్క గుర్తు తేడాతో 4వదానికి వెళ్లాలి. మూడేళ్లు తాళంచెవుల పక్కన జేబులో నలిగే కార్డు కాబట్టి క్యూ స్థాయి, 29×29 గళ్లు ఖాయం చేశాను.

కోడ్ మధ్యలో కాలేజీ చిహ్నం పెడితే బాగుంటుందని ప్రిన్సిపాల్ గారు కబురు పంపారు. వెళ్లి మాట్లాడాను. చిహ్నం పెట్టినా చాలా కోడ్‌లు చదవబడతాయి, నిజమే. కానీ అక్కడ మూసుకుపోయిన గళ్ల భారం దోష సవరణ మోస్తుంది. ఆపదకని దాచుకున్న డబ్బును మొదటి రోజే ముగ్గుల పోటీకి ఖర్చు పెట్టినట్టు. "సరే, చిహ్నం పైన పెట్టండి, కోడ్ జోలికి పోవద్దు" అన్నారు. పైన ఎప్పటి నుంచో ఉంది.

నమూనా మీద నల్ల స్కెచ్ పెన్నుతో గళ్లు కొట్టేస్తూ ఎంతవరకు చదువుతుందో చూశాం. మధ్యలో చాలా ఓర్చుకుంది. మూల చతురస్రం ఒక్కటి మూసేసరికి చేతులెత్తేసింది. శాతాల లెక్క సమాచారపు గళ్లకే తప్ప ఆ మూడు ఆనవాళ్లకు వర్తించదు. అందుకే తాడు కోసం రంధ్రం కొట్టే పై అంచుకు దూరంగా, కుడివైపు కింద కోడ్ స్థలం మార్చాం. చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున తెల్ల అంచు వదలాలి. డిజైనర్లు ముందుగా కత్తిరించేది దాన్నే.

మంగళవారం – భూతద్దం

ప్రింటింగ్ నుంచి మొదటి నమూనాలు వచ్చాయి. ఫోటోలు చక్కగా ఉన్నాయి. కోడ్ మాత్రం కొన్ని ఫోన్లు వెంటనే చదువుతున్నాయి, కొన్ని వెతుక్కుంటున్నాయి. కంటికి ఏ లోపమూ కనిపించలేదు.

భూతద్దం కింద పెడితే తెలిసింది. నలుపు నలుపు కాదు. ముదురు గోధుమ రంగు, ప్రతి గడి అంచునా ఒకవైపు సన్నటి నీలం గీత, ఇంకోవైపు ఎరుపు ఛాయ. కార్డు ప్రింటర్ రిబ్బన్‌లో పసుపు, మెజెంటా, సయాన్ పొరలు వరుసగా ఉంటాయి, వాటి తర్వాత విడిగా నల్ల రెజిన్ పొర ఉంటుంది, చివర పారదర్శకమైన పైపూత. ఫోటో రంగుల పొరలతో పడాలి. కోడ్ నల్ల రెజిన్‌తో పడాలి, అప్పుడే అంచు కోసినట్టు ఉంటుంది. డిజైన్ మొత్తం ఒకే జేపెగ్ బొమ్మగా వెళ్లడంతో ప్రింటర్‌కు ఏది ఫోటోనో ఏది కోడో తెలియలేదు. మూడు రంగులూ కలిపి నలుపు చేసింది, మూడూ వెంట్రుక వాసి తేడాతో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పరారుణ కాంతితో చదివే స్కానర్లకు ఆ కలగలుపు నలుపు అసలు కనిపించకపోవచ్చు కూడా.

ఇంకో సంగతి కూడా భూతద్దమే చెప్పింది. గళ్లు కొన్ని వెడల్పు, కొన్ని ఇరుకు. 300 డీపీఐ ప్రింటర్‌లో, అంటే అంగుళానికి 300 చుక్కలు వేసేదానిలో, ఒక చుక్క 0.085 మిల్లీమీటరు. డిజైన్‌లో కోడ్‌ను అంచులతో కలిపి 19.3 మిల్లీమీటర్లకు సాగదీశారు, అంటే 228 చుక్కలు. వాటిని 37 గళ్లకు పంచితే ఒక్కోదానికి 6.16 వస్తుంది. చుక్కను ముక్కలు చేయలేరు కాబట్టి కొన్ని గళ్లకు ఆరు, కొన్నిటికి ఏడు. కచ్చితంగా ఆరేసి చుక్కలు ఇస్తే 222 చుక్కలు, 18.8 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు తగ్గించుకుంటే గళ్లన్నీ సమానం.

ప్రింటింగ్ అతనితో కూర్చుని కోడ్‌ను విడి పొరగా, నలుపు తెలుపు రెండే రంగుల బొమ్మగా, సైజు మార్చకుండా పంపేలా, ఆ చోటుకు నల్ల రెజిన్ మాత్రమే వాడేలా డ్రైవర్‌లో మార్పించాను. "ఇన్నేళ్లుగా బార్‌కోడ్‌లు కూడా ఇలాగే వేస్తున్నాం సార్, ఎవరూ అడగలేదు" అన్నాడు. కొత్త నమూనా అన్ని ఫోన్లూ చదివాయి, చీకటి మూలలో కూడా.

కోడ్‌ను కాలేజీ రంగైన మెరూన్‌లో వేయమన్న సూచన ఒకటి వచ్చింది. ఎర్ర కాంతితో చదివే స్కానర్‌కు ఎరుపు సిరా తెల్ల కాగితంలాగే కనిపిస్తుందని చెప్పి ఆపాను.

బుధవారం – లైబ్రరీలో వింత లిపి

లైబ్రరీకి కొత్త స్కానర్ తగిలించాం. కార్డు చూపిస్తే బీప్ వచ్చింది, తెర మీద లింకుకు బదులు "ఫఊఊఝఏ" అని మొదలై ఒక వింత మంత్రం వచ్చింది. మేడమ్ నావైపు చూశారు. స్కానర్ పాడైందని తిరిగి పంపేస్తే నవ్వులపాలయ్యేవాళ్లం.

ఈ స్కానర్లు కంప్యూటర్‌కు తాము కీబోర్డుమని చెప్పుకుంటాయి. చదివిన ప్రతి గుర్తుకూ తగిన మీట నొక్కినట్టు సంకేతం పంపుతాయి. మేడమ్ తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కించడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నారు. మన లింకు హెచ్‌టీటీపీఎస్ అని మొదలవుతుంది. స్కానర్ షిఫ్ట్‌తో హెచ్ మీట నొక్కింది, కంప్యూటర్ ఇన్‌స్క్రిప్ట్ ప్రకారం ఫ రాసింది. టీకి ఊ, పీకి ఝ, ఎస్‌కు ఏ. రెండూ తమ తమ పని సక్రమంగానే చేశాయి. క్యాప్స్ లాక్ వేసి ఉన్నా ఇలాంటి గొడవే, పెద్ద అక్షరాలు చిన్నవై వస్తాయి.

భాష మార్చుకుని వాడండని చెప్పవచ్చు, కానీ రోజంతా పుస్తకాలు ఇచ్చే చోట అది జరగని పని. స్కానర్‌తో వచ్చిన పుస్తకంలోని అమరిక కోడ్ ఒకటి చదివించి, దాన్ని కీబోర్డు పద్ధతి నుంచి సీరియల్ పోర్టు పద్ధతికి మార్చాం. ఇప్పుడు సమాచారం నేరుగా లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కే వెళ్తుంది, తెర మీద ఏ భాష ఉన్నా సరే.

రెండో కౌంటర్‌లో ఉన్నది పాత లేజర్ స్కానర్. అది ఒక గీత వెంట మాత్రమే చూస్తుంది, క్యూఆర్ దానికి ఎన్నటికీ అర్థం కాదు. దాన్ని మార్చే బడ్జెట్ ఈ ఏడాది లేదు. కార్డు వెనుక అదే 13 గుర్తుల సంఖ్యను కోడ్ 128 బార్‌కోడ్‌గా కూడా వేస్తున్నాం. సన్నగీతకు మూడు చుక్కల చొప్పున 45 మిల్లీమీటర్ల పొడవు వచ్చింది, రెండు పక్కలా ఖాళీ అంచుతో కలిపినా హాయిగా పడుతుంది.

గురువారం – గేటు దగ్గర

ముందు చిన్న సమస్య. తాడుకు వేలాడే ప్లాస్టిక్ కవరులో కార్డు ఉంటే గేటు దీపం సరిగ్గా కోడ్ మీదే తెల్లగా మెరుస్తోంది. స్కానర్‌ను కొద్దిగా వాల్చి బిగించాం, పైపూత మెరుపు లేనిది వేయమన్నాం. చాలావరకు పోయింది.

పెద్దది ఇప్పుడు చెబుతాను. పరీక్షించమని పిలిచిన విద్యార్థుల్లో ఒకడు కార్డు తీయకుండా ఫోను చూపించాడు. అందులో తన స్నేహితుడి కార్డు ఫోటో. బీప్, పచ్చ టిక్కు, "లోపలికి వెళ్లవచ్చు". కుర్రవాడు నవ్వుతూ లోపలికి వెళ్లాడు. గేటు దగ్గరున్న పెద్దాయన కూడా వెళ్లనిచ్చాడు.

"ముఖం చూడలేదా" అని అడిగితే, "పచ్చ వచ్చింది కదా సార్, ఇంక ముఖం ఎందుకు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. యంత్రం సరే అన్నాక మనిషి మళ్లీ చూడాలంటే యంత్రం అలా అనకూడదు. ముద్రించిన కోడ్ నకలుకూ అసలుకూ తేడా ఉండదు, ఉండే వీలు కూడా లేదు. కోడ్ ఏ కార్డుదో చెబుతుంది. తెచ్చిందెవరో చెప్పాల్సింది పెద్దాయన కళ్లు.

తెరను తిరగరాశాను. పచ్చ టిక్కు తీసేశాం. కోడ్ చదవగానే సర్వర్‌లోని ఫోటో తెర నిండా వస్తుంది, కింద పేరు, శాఖ. కార్డు మీది ఫోటోను ఎవరైనా మార్చి అతికించవచ్చు, ఇది మార్చలేరు. పెద్దాయన ముఖం పోల్చుకుని మీట నొక్కితేనే నమోదవుతుంది. రద్దయిన కార్డుకు మాత్రం తెర మొత్తం ఎర్రబడి గట్టిగా మోగుతుంది. కొద్ది నిమిషాల క్రితమే లోపలికి వెళ్లిన కార్డు మళ్లీ లోపలికి వస్తే పసుపు పట్టీ వస్తుంది. ఇలా చేయడంతో ఒక్కొక్కరికి పట్టే సమయం కాస్త పెరిగింది. ఉదయం రద్దీకి రెండో పరికరం అడిగాను.

సాయంత్రం అదే కుర్రవాడు అదే ఫోనుతో మళ్లీ వచ్చాడు. పెద్దాయన తెర చూశాడు, అతన్ని చూశాడు, "నీకు మీసాలెప్పుడు వచ్చాయి బాబూ" అన్నాడు. తెర మీది స్నేహితుడికి మీసాలు లేవు.

ముప్పై సెకన్లకోసారి మారే కోడ్‌ను యాప్‌లో చూపిస్తే నకలు సమస్య తగ్గుతుంది, దానికి ఆర్ఎఫ్‌సీ 6238 అనే ప్రమాణం కూడా ఉంది. కానీ అందరి దగ్గరా ఫోను ఉండాలి, దానిలో ఛార్జింగ్ ఉండాలి. పరీక్ష హాలులోకి ఫోనే తేకూడదు. మన పని ప్లాస్టిక్ కార్డుతోనే.

శుక్రవారం

గేటు నమోదులు ఎన్నాళ్లు ఉంచాలన్న చర్చ. "ఉంటే పోయేదేముంది, ఉండనివ్వండి" అన్నది ఒక వాదం. ఏ అమ్మాయి ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్లింది, ఎన్ని గంటలకు వచ్చింది అన్న చిట్టా ఏళ్ల తరబడి ఒక చోట పోగుపడితే, అది ఎవరి చేతికి చిక్కినా ప్రమాదమేనని నా వాదం. ముప్పై రోజుల తర్వాత దానంతట అదే చెరిగిపోయేలా పెట్టాను. లైబ్రరీ నమోదులు లైబ్రరీ దగ్గరే, గేటు వాళ్లకు కనిపించవు. ఎవరు ఎవరి వివరాలు తెరిచి చూశారన్నది కూడా నమోదవుతుందని చెప్పాక, అందరి వివరాలూ చూసే అనుమతి కోరినవాళ్లు ఇద్దరు తగ్గారు.

సోమవారం

ముద్రణ మొదలైంది. ప్రతి పెట్టె నుంచి కొన్ని కార్డులు తీసి కొత్త ఫోనుతో, పాత ఫోనుతో, లైబ్రరీ స్కానర్‌తో చదివించి, చేత్తో కూడా టైపు చేసి చూస్తున్నాం. కార్డు మీది ఫోటో, తెర మీది ఫోటో ఒకరివేనా అన్నది ముఖ్యం. వరుస ఒక్కటి జరిగితే ఆ తర్వాతి కార్డులన్నీ పక్కవాళ్ల పేరు మీద వెళ్తాయి.

పంచిన మొదటి విడతలోనే ఒక కార్డు పోయింది. పాతది రద్దు, కొత్త సంఖ్యతో ఇంకోటి ఇచ్చాం. పోయినది మర్నాడు లైబ్రరీ కుర్చీ కింద దొరికితే ఆ అమ్మాయి దాన్నే మెడలో వేసుకుని వచ్చింది. గేటు ఎర్రగా మోగింది. కార్యాలయంలో పాతదాన్ని రెండు ముక్కలు చేసి, మూల చతురస్రాలు విడిపోయేలా అడ్డంగా కత్తిరించి పారేశారు.

మిగిలినవి: రెండో గేటు పరికరం ఇంకా రాలేదు. పరీక్షల విభాగంతో హాజరు పట్టీ సంగతి తేలలేదు. కార్డు చదివితే హాజరు పడిపోవాలని వాళ్లు, ఇన్విజిలేటర్ ఫోటో చూసి ఒప్పుకున్నాకే పడాలని నేను. బుధవారం గేటు దగ్గరి పెద్దాయనను కూడా ఆ సమావేశానికి తీసుకెళ్తున్నాను.